వార్డు కీ

"వార్డు కీ దొరకలేదే రోజా! పాసేజీ అంతా రెండుసార్లు ఎతికేను, ఎక్కడా లేదు. ఈసారి కూడా నా పని అయిపోయినట్టే."

పెరట్లో కాళ్లు కడుక్కుంటున్న సన్యాసయ్యకు వినబడింది ఇది. లోపల ఫోన్లో ఆయన కూతురు లక్ష్మిప్రియ తన స్నేహితురాలితో నిజానికి అన్నది "కీవర్డ్ దొరకలేదే" అని. సన్యాసయ్య ఒడిశాలోని రాయగడ వీధుల్లో చెత్తబండి వెంట పదిహేనేళ్లుగా నడుస్తున్న మనిషి. బండి మైకులో పొద్దుటినుంచి ఒకటే పాట, ఆ మైకు ఆయన ఎడమ చెవి పక్కనే. దాంతో ఆ చెవికీ చెత్తబండి బుద్ధులే పట్టుకున్నాయి. వచ్చిన మాటను వచ్చినట్టు తీసుకోదు, తడి వేరు పొడి వేరు చేస్తుంది. అలా కీవర్డ్ రెండుగా విడిపోయి, ముందుది వెనక్కీ వెనకది ముందుకీ పడింది.

ఆయన ఎరిగిన వార్డు కూతురు నర్సుగా పనిచేసే నర్సింగ్ హోమ్‌లోది. ఎరిగిన పాసేజీ అక్కడి పొడుగాటి నడవా. ఆ నడవాలో తాళంచెవి పోయిందంటే, పిల్ల శనివారం సెలవు కూడా దాంతోపాటే పోయినట్టు!

శనివారం విశాఖపట్నంలో లక్ష్మిప్రియకు ఇంగ్లీషు పరీక్ష. అది గట్టెక్కితే విదేశంలో నర్సు ఉద్యోగం. ఆ పరీక్షలో మార్కులను బ్యాండ్లంటారు. ఏడు కావాలి, కిందటిసారి అన్నిట్లోనూ వచ్చాయి గానీ చదివే భాగంలో ఆరున్నర దగ్గర ఆగిపోయింది. పరీక్షకని చెబితే నర్సింగ్ హోమ్‌లో సెలవివ్వరు. నర్సులు మానేసి పోకుండా ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా వాళ్ల బీరువాలోనే పెట్టుకున్నారు. అందుకే కాగితం మీద చిన్నాన్న కూతురి పెళ్లి అని రాసింది. ఎటూ బ్యాండ్లతో కూడిన కార్యమే కదా, పెళ్లి అంటే మరీ అంత అబద్ధమేమీ కాదు.

ఆమెను ముంచుతున్నది సమ్మరీ ప్రశ్న. పైన ఒక వ్యాసం ఉంటుంది, దాన్ని పాసేజ్ అంటారు. కింద దాని సారాంశం ఉంటుంది, మధ్యమధ్య ఖాళీలతో. సారాంశంలో వాడిన మాట పాసేజ్‌లో ఉండదు, దాని అర్థం మాత్రమే వేరే మాటల వేషంలో ఉంటుంది, ఆ వేషాన్నే పారాఫ్రేజ్ అంటారు. అక్కడ 'వానలు పడలేదు' అని ఉంటే ఇక్కడ 'కరువు వచ్చింది' అంటారు. లక్ష్మిప్రియ మాత్రం కరువు, కరువు అని ఆ అక్షరాల కోసమే పాసేజంతా గాలిస్తుంది. టైము కరువవుతుంది గానీ కరువు దొరకదు. ఆ ఖాళీలు నింపితేనే అక్కడెక్కడో ఉద్యోగ ఖాళీ దొరికేది.

ఇదంతా ఒకసారి తండ్రికి చెప్పబోయింది కూడా.

"సమ్మరీ అని ఒకటుంటాది నానా..."

"సమ్మె? ఎవులు సేస్తన్నారే?"

"సమ్మె కాదు నానా. పారాఫ్రేజులని..."

"పార సంగతి నాకొగ్గీ అమ్మీ. నువ్వు పెన్ను పట్టు."

అక్కడితో ఆ పాఠం ముగిసింది.

ఇప్పుడు సన్యాసయ్య నారింజరంగు జాకెట్టు కూడా విప్పకుండా సైకిలెక్కాడు. వాకిట్లో భార్య బుల్లమ్మ, "అన్నం వడ్డీసేను, ఏటలా పోతన్నావు?" అంటోంది.

"సిన్న పనుందే, ఇప్పుడే వచ్చెత్తాను."

పిల్లను అడిగి ఉంటే సరిపోయేది. కానీ దాని గొంతులో ఏడుపు విన్నాడు. ఏడుస్తున్న కూతుర్ని అడగడం కన్నా ఎవరి కాళ్లైనా పట్టుకోవడమే సులువనిపించింది ఆయనకు.

నర్సింగ్ హోమ్ మేనేజరు నరేంద్ర బరంపురం నుంచి వచ్చి నెలైంది. సన్యాసయ్య ఒడియాలో, అయ్యా అనడానికి ఆజ్ఞా అంటూ, మొదలుపెట్టాడు. "ఆజ్ఞా, పిల్ల వార్డు తాళంచెవి పారేసింది. చెత్తలో పడ్డ ముక్కుపుడకలు వెతికి ఇచ్చిన చేతులివి, ఇది కూడా వెతికి ఇస్తాను. దాని సెలవు మాత్రం ఆపకండి."

"ఏ వార్డు?"

"అది నాకు తెలీదు ఆజ్ఞా."

నరేంద్ర ముఖం మారిపోయింది. రిజిస్టరు తీసి, గోడ మీది తాళాల బోర్డు దగ్గర ఒక్కో పేరూ చదువుతూ టిక్కు పెట్టాడు. లేబర్ రూమ్ ఉంది. జనరల్ వార్డ్ ఉంది. ఐసోలేషన్ వార్డ్... లేదు. బోర్డు మీద పాత తాళాలవీ, పోయిన బీరువాలవీ తాళంచెవులు బోలెడు వేలాడుతున్నాయి, ఐసోలేషన్ అన్న చీటీ మాత్రం దేనికీ లేదు. ఖరీదైన ఇంజెక్షన్ల ఫ్రిజ్ ఉన్నది ఆ గదిలోనే. అడుగుదామంటే హెడ్ నర్సు రశ్మి, మిగతా పాతవాళ్లు ఆపరేషన్ గదిలో ఉన్నారు.

అంటే నిజంగానే పోయిందన్నమాట! సన్యాసయ్య నడవాలో ఒక మూల నేలమీద కూలబడ్డాడు.

రెండింటికి డ్యూటీకి వచ్చిన లక్ష్మిప్రియ, గడప దగ్గరే తండ్రిని చూసి ఆగిపోయింది.

"నానా! నువ్వేటిక్కడ?"

ఆయన నోరు తెరిచేలోపే నరేంద్ర, "బ్యాగు ఇటివ్వండి సిస్టర్," అన్నాడు.

"ఎందుకు సార్?"

"ఐసోలేషన్ వార్డ్ కీ ఎక్కడ? మీరే పోగొట్టారని మీ నాన్నే చెప్పాడు."

ఆమె తండ్రి వైపు చూసింది. ఆ చూపుకు సన్యాసయ్య తల దించుకున్నాడు. బ్యాగు కౌంటరు మీద బోర్లపడింది. టిఫిను డబ్బా, గొడుగు, దువ్వెన, ఎర్ర గీతలతో నిండిన ప్రాక్టీసు పుస్తకం. దాంట్లోంచి జారిన కాగితాన్ని నరేంద్ర చదివాడు. విశాఖపట్నం. శనివారం. ఉదయం తొమ్మిది.

"మీ చెల్లెలి పెళ్లి పరీక్ష హాల్లో చేస్తున్నారా?"

నడవాలో బెంచీల మీద కూర్చున్న రోగుల తాలూకు జనం అందరూ ఇటే తిరిగారు. లక్ష్మిప్రియ మొహం తెల్లబోయింది. సన్యాసయ్యకు చెవి ఒకటే కాదు, ఒళ్లంతా మొద్దుబారింది. పిల్ల రెండేళ్లు దాచుకున్నదాన్ని తానే బండికి ఎక్కించి, మైకు పెట్టి మరీ వీధిలోకి తెచ్చాడు.

"సార్, కీ నా దగ్గర్లేదు. బోర్డు మీదే ఉండాలి," అని ఆమె బోర్డు దగ్గరికి నడిచింది. ఐసోలేషన్, ఐసోలేషన్... చీటీల మీద వేలు పెట్టి వెతుకుతోంది. ఆ మాట ఎక్కడా లేదు.

వెనక నరేంద్ర ఓనరు డాక్టరుకు ఫోన్ చేస్తున్నాడు. "అవును సర్, సఫాయి కర్మచారీ ఒకాయన వచ్చి చెప్పాడు."

అదే సమయంలో బెంచీ మీది ముసలమ్మ నేలమీది మనిషిని పలకరించింది. "సెత్తబండి బాబూ, నేల సల్లగున్నాది, పైకి రా నాయినా."

లక్ష్మిప్రియ వెనక్కి తిరిగింది. సఫాయి కర్మచారీ ఎవరు? చెత్తబండి బాబు ఎవరు? మూల కూర్చున్న తన తండ్రి. మనిషి ఒక్కడే. మాటలే వేరు.

మళ్లీ బోర్డు వైపు తిరిగింది. ఈసారి మాటను వెతకలేదు. రోగిని వేరుగా ఉంచే గది. రెండేళ్లపాటు అందరూ దూరం నుంచి దణ్ణం పెట్టిన గది. రశ్మి అక్క దాన్నేమని పిలుస్తుంది?

ఆఖరి వరసలో, తుప్పుపట్టిన మేకుకు, మాసిన చీటీ ఒకటి. 'కరోనా రూమ్'.

తీసి కౌంటరు మీద పెట్టింది. "ఇదే సార్ మీ ఐసోలేషన్ వార్డ్."

నరేంద్ర వెళ్లి తాళం తీసి చూశాడు. గది తెరుచుకుంది, ఫ్రిజ్ నిండుగా ఉంది. తిరిగి వచ్చేసరికి ఆపరేషన్ గదిలోంచి రశ్మి బయటికొచ్చింది. ఆ కీని చూసి, "అది మీరు రాకముందు నుంచీ అక్కడే ఉంది కదండీ," అంది మాస్కు లాగుతూ.

నరేంద్ర ఎవరి వైపూ చూడలేదు. ఆడపిల్ల బ్యాగు అందరి ముందూ బోర్లించిన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పెన్ను తీశాడు. సెలవు కాగితం మీద 'పెళ్లి' అన్నది కొట్టేసి 'పరీక్ష' అని రాసి, సంతకం పెట్టి ఆమె ముందుకు తోశాడు.

"సర్టిఫికెట్ల సంగతి వచ్చాక మాట్లాడదాం," అన్నాడు. ఆ గొంతులో బెదిరింపు అక్కడ అందరికీ తెలిసింది. లక్ష్మిప్రియ కాగితం తీసుకుంది. సంతోషించడానికి మనసు రాలేదు.

తండ్రి పక్కన కూర్చుంది. "నాను కీ పోయిందని ఎప్పుడన్నాను నానా?"

"ఫోన్లో అన్నావు కదే. వార్డు కీ దొరకలేదు, పాసేజీ అంతా ఎతికేనని."

ఆమెకు ఒక్క క్షణం పట్టింది. తర్వాత ఏడుపో నవ్వో తెలియని చప్పుడొకటి వచ్చింది. పుస్తకం తెరిచి, ఎర్ర గీత కింది మాటను వేలితో చూపించింది. "వార్డు కీ కాదు నానా. కీవర్డ్. ముఖ్యమైన మాట. పాసేజ్ అంటే ఈ నడవా కాదు, ఈ పేజీ."

"ఏటైందమ్మా?" ముసలమ్మ అడిగింది. "ఏం జరిగింది?" రశ్మి అడిగింది. సన్యాసయ్య జేబులో ఫోను మోగింది, ఇంటినుంచి బుల్లమ్మ.

సన్యాసయ్య లేచి నిలబడి, ఫోను స్పీకరు మీద పెట్టాడు. రశ్మికి ఒడియాలో, ముసలమ్మకు, భార్యకు తెలుగులో, మేనేజరు మొహం చూడకుండా గోడకు, అందరికీ ఒకేసారి చెప్పాడు. "తాళంచెవి ఎవులూ పారీలేదు. పిల్ల పుస్తకంలో మాట కోసం ఎతుక్కుంటే, నాను దాన్ని తాళం అనుకున్నాను. తప్పు నాది. నా సెవిది."

ఫోన్లోంచి బుల్లమ్మ గొంతు వినబడింది.

"సర్లే గానీ, మరి పిల్లకి ఆ మాట దొరికిందా?"

లక్ష్మిప్రియ ఫోను దగ్గరికి వంగింది. "దొరికిందమ్మా. వేరే పేరుతో ఉంది."