చెప్పని నంబరు

రోజా ఉపవాసంలో ఉన్న ఆడది, మొగుడు కోపిష్ఠి అయితే, కూరను నాలుక కొసకు తగిలించి ఉప్పు చూసుకుని ఉమ్మేయొచ్చని పెద్దలు చెబుతారు. ఆ వెసులుబాటు ఆమెకు ఇచ్చే బదులు, కోపం తగ్గించుకొమ్మని అతనికి ఎందుకు చెప్పలేదన్నది ఆరిఫా ఏళ్ల తరబడి మోస్తున్న అనుమానం. అడిగితే పాపమేమోనని కొంత, అడిగినా ఏమొస్తుందని కొంత, ఎవరినీ అడగలేదు.

ఆ రోజూ వంకాయ కూర ఉప్పు చూసి, ఉమ్మేసి, నోరు కడుక్కుంది. రంజాన్ కాదు. బాలింతగా ఉన్నప్పుడు వదిలేసిన రోజాలు అప్పుగా మిగిలిపోయాయి. తీరుద్దామన్నప్పుడల్లా "నువ్వు ఉపాసముంటే వండేదెవరు?" అనేది అత్త. ఉపవాసమున్నా వండేది తనేనని ఆరిఫా అనలేదు. అత్త పోయాకే ఒక్కొక్కటిగా మొదలుపెట్టింది.

కూతురు సనోబర్ గడప దగ్గర బియ్యం ఏరుతోంది. ఎమ్మెస్సీ సీటుకు కాలేజీల ఆప్షన్లు మార్చుకునే గడువు ఆ సాయంత్రం ఐదింటితో సరి. సనోబర్ ముందే హైదరాబాదులో బయోకెమిస్ట్రీని మొదట పెట్టుకుంది. దాన్ని కిందికి దించడానికే వాళ్ల అబ్బా సత్తార్ పరుపుల దుకాణం మూసి, మణుగూరు ఆ చివరనున్న నెట్ సెంటర్‌కు వెళ్లాడు. ఖమ్మంలో అయితే తన అక్క షరీఫా ఆపా ఇంట్లో ఉండొచ్చట. ఆపాకు మోకాళ్లు అరిగిపోయాయట, పిల్ల చేదోడుగా ఉంటుందట. పెళ్లయిన కొత్తలో ఆ ఇంట్లో చేదోడుగా ఉన్నది ఆరిఫాయే. అప్పుడు ఏడ్చిందో లేదో ఇప్పుడు గుర్తు లేదు. బట్టల సోడాకు పగిలిన వేళ్లు మాత్రం గుర్తు.

"నీకేది కావాలె బిడ్డా?" అని అడిగింది.

సనోబర్ చేట పక్కన పెట్టింది. "ఖమ్మంలో ఉన్నది ఆర్గానిక్ కెమిస్ట్రీ, అమ్మీ. అది సీసాలల్ల జరిగేది. నాకు మనిషి లోపల జరిగేది కావాలె. ఇప్పుడు నువ్వు రోజాలో ఉన్నవ్. తిండి రాలేదని నీ కాలేయం ఊకోదు. దాచిన చక్కెర తీసి మెదడుకు పంపుతనే ఉంటది."

"అంటే లోపల గూడ ఒకతె వండుతనే ఉంటదన్నట్టు."

సనోబర్ నవ్వింది. ఆ నవ్వు ఆగకముందే ఫోను మోగింది.

దరఖాస్తులో ఆరిఫా నంబరు రాయించింది సత్తారే. ఆడపిల్ల నంబరు నెట్ సెంటర్ పోరగాళ్ల కంట పడొద్దన్నాడు. తన ఫోను గిరాకీలకే చాలదన్నాడు. "ముసల్దాని నంబరుకు ఎవడు చేస్తడు, దీనిదే రాయి" అని అందరి ముందూ నవ్వాడు.

"ఓటీపీ వచ్చింది సూడు. జల్దీ చెప్పు" అన్నాడు సత్తార్ ఫోన్లో.

"ఏది ముందు పెడుతున్రు?"

"ఖమ్మం. నీకెందుకు? నంబర్ రాలేదా ఏంది?"

ఆరిఫా తెరమీది అంకెలు చూసింది. భయం వస్తుందేమోనని ఆగింది. రాలేదు. సంతోషమూ రాలేదు.

"రోజాలో ఉన్న, అబద్ధమాడ. నంబరు వచ్చింది. చెప్ప."

ఫోను బోర్లా పెట్టి చపాతీ పిండి తడిపింది. మళ్లీ మళ్లీ మోగింది. సనోబర్ దాని వైపు చూస్తూ కూర్చుంది. ఐదు దాటాక మోగడం ఆగింది.

సత్తార్ వచ్చి చెప్పులు గోడకేసి విడిచాడు. ఆపాకు ఏం మొహం చూపించాలన్నాడు. ఆరిఫా కూర వడ్డించింది.

పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ వినిపించింది. ఆరిఫా ఖర్జూరం నోట్లో వేసుకుని, నీళ్లు తాగింది. సనోబర్ పుట్టిన ఏటి రోజాల్లో అది ఆఖరిది. అప్పు తీరింది.