మందుల గది వెనక ముగ్గురు

2011 సెప్టెంబరు రెండో వారంలో డాక్టర్ హన్మంతు ప్రేమ్‌సింగ్‌ను కామారెడ్డిలోని తన ఇంటికి పిలిపించుకున్నాడు. ఎల్లారెడ్డిలో తండ్రి పేరు మీద నడిపిస్తున్న ఇరవై పడకల ముత్తయ్య స్మారక ఆసుపత్రికి హన్మంతే యజమాని. అక్కడ పనిచేసే ముగ్గురు కుర్ర డాక్టర్లలో ప్రేమ్‌సింగ్ ఒకడు. కూర్చోమని కూడా అనకుండా హన్మంతు ఒక జిరాక్సు కాగితం అతని చేతిలో పెట్టాడు.

"సదువు."

అది ఆకాశరామన్న ఉత్తరం. సంతకం లేదు. అక్షరాలు మాత్రం గుండ్రంగా, ముత్యాల్లా ఉన్నాయి.

'తమ డాక్టర్లు ముగ్గురు ప్రతిదినము మధ్యాహ్నము రెండు మొదలు మూడున్నర వరకు మందుల గది వెనుక చేరి నవ్వులాటలతో కాలక్షేపము చేయుచున్నారు. ప్రేమ్‌సింగ్ గారు చేప ముండ్లు తీసి అనూహ్య గారి పళ్లెములో వేయుచుందురు. ఆ వేళ వచ్చిన రోగులు దిక్కు లేక వాకిట్లో కూర్చుండవలసి వచ్చుచున్నది.'

ప్రేమ్‌సింగ్ రెండో వాక్యం దగ్గరే ఆగిపోయాడు.

"ఇంటి గుట్టు బయటేసేటోడు ఇంట్లనే ఉంటడు," అన్నాడు హన్మంతు. "వాడెవడో కనిపెట్టు. మిగిలిన ఇద్దరికి చెప్పకు. దసరా దాటినంక నేనే వస్త."

తిరుగు బస్సులో తాడ్వాయి, లింగంపేట ఎప్పుడు దాటాయో అతనికి తెలియలేదు. మందుల గది వెనకున్న ఆ చిన్న గదిలో ఉండేది ముగ్గురే. దోమకొండ నుంచి వచ్చిన మహేందర్ వారానికోసారి నిజాంసాగర్ చేపలు తెప్పించి వండించేవాడు. తింటూ హన్మంతు గొంతును అనుకరిస్తుంటే అనూహ్యకు పొలమారేది. కామారెడ్డి దగ్గర భూములున్న రెడ్ల బిడ్డ ఆమె. ఎల్లారెడ్డి అవతలి తండాలో కూలిపని చేసుకునే భీక్యా కొడుకు ప్రేమ్‌సింగ్. వాళ్లిద్దరి మధ్య ఉన్నది ఏమిటో ఆరు నెలలుగా మహేందర్ ఒక్కడికే తెలుసు. అంతకు ముందు ఏడాది మహేందర్ కూడా అనూహ్యను పెళ్లికి అడిగాడనీ, ఆమె కాదన్నదనీ ప్రేమ్‌సింగ్‌కు తెలుసు. ఆ సంగతి అప్పట్లో ముగ్గురూ నవ్వేసి వదిలేశారు. ఇప్పుడు అది నవ్వులాటగా తోచలేదు.

మర్నాడు ఆసుపత్రి వాకిట్లో ఉన్న బోర్డు ముందు నిలబడ్డాడు. 'చెప్పులు బయట విడువగలరు. లోపల ఉమ్మరాదు.' అది మహేందర్ రాసిందే. ముగ్గురిలో తెలుగు అందంగా రాసేది అతనొక్కడే. జేబులోంచి జిరాక్సు సగం బయటికి తీసి ఒక్కొక్క అక్షరమే పోల్చుకున్నాడు. 'ల' ఒకేలా ఉన్నట్టుంది. 'ర' కాదు. ఇంకోసారి చూస్తే 'ర' కూడా ఒకటే అనిపించింది.

ఆ రోజు నుంచి అతనికి మహేందర్ తప్పుకు అన్నీ గుర్తులే. ఫోన్ మాట్లాడుతున్న మహేందర్ తనను చూసి బయటికి వెళ్తే గుర్తు. పలకరిస్తే గుర్తు, పలకరించకపోతే ఇంకా పెద్ద గుర్తు. మధ్యాహ్నం తలనొప్పి అని చెప్పి గదిలోకి పోవడం మానేశాడు. విచిత్రం ఏమిటంటే, వారం తిరిగేసరికి మహేందర్ కూడా మానేశాడు. అనూహ్య ఒక్కతే డబ్బా విప్పుకుని, కాసేపు చూసి, మూత పెట్టేసేది.

"ఏమైంది మీ ఇద్దరికి?" అని ఆమె రెండుసార్లు అడిగింది.

"ఏం కాలే," అన్నాడు ప్రేమ్‌సింగ్ రెండుసార్లూ.

తెలంగాణ కోసం మొదలైన సకల జనుల సమ్మెతో బస్సులు ఆగిపోయాయి. కుక్కకాటు మందు నిండుకుంది. కామారెడ్డి నుంచి తేవాలంటే మహేందర్ బండి తప్ప దారి లేదు. ఐసు డబ్బా పట్టుకుని కూర్చోవడానికి ఇంకో మనిషి కావాలి. అలా ఇద్దరూ ఒకే బండి మీద బయలుదేరారు.

తాడ్వాయిలో చాయ్ కోసం ఆగారు. మహేందర్ జేబులోంచి పర్సు తీస్తుంటే మడత పెట్టిన కాగితం ఒకటి కింద పడింది. ప్రేమ్‌సింగ్ వంగి తీశాడు. విప్పనవసరం లేకపోయింది. ఆ గుండ్రటి అక్షరాలు వెనక నుంచే కనబడుతున్నాయి.

"దొరికినవ్ రా," అన్నాడు. "ఒక్కసారి నా మొఖం మీదనే అడిగితే అయిపోతుండె గద? గిట్ల రాసి పంపుడు ఎందుకు?"

మహేందర్ పర్సు మూసి జేబులో పెట్టాడు. "నేను రాసుడేంది? సారు నన్ను పిలిచి ఇచ్చిండు. ఎవ్వనికి చెప్పకన్నడు. నువ్వే రాసినవనుకున్న."

"నా మీద నేనే రాసుకుంటనా?"

"మీ సంగతి అనూహ్య వాళ్లింట్ల తెల్వాలె, లగ్గం మాట బయటికి రావాలె అని రాసినవనుకున్న. రాత కలుస్తదేమోనని పది రోజుల సంది నువ్వు తెలుగుల రాసిన చీటీలన్నీ తిరగేసిన."

ప్రేమ్‌సింగ్ తన జేబులోని కాగితం తీసి పక్కన పెట్టాడు. రెండూ ఒకటే. ఇద్దరూ నవ్వుకోవలసిన చోటు అది. నవ్వు రాలేదు. చాయ్ చల్లారిపోయింది.

"మనిద్దరం కాకుంటే..." అని మహేందర్ మాట మింగేశాడు.

అనూహ్యది ఇంగ్లిష్ మీడియం చదువు. ఆమె తెలుగు రాత పిల్లి గీతలు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. "ఆమె కాదు" అని ప్రేమ్‌సింగ్ వెంటనే అనవలసింది. అనలేదు. ఎవరితోనైనా రాయించవచ్చు కదా అనుకున్నాడు. ఇంట్లో చెప్పడానికి భయపడి, తనను దూరం చేసుకోవడానికి ఇదొక దారి కావచ్చు అనుకున్నాడు. కామారెడ్డి వెళ్లి ఎల్లారెడ్డి తిరిగొచ్చేదాకా అదే ఆలోచన.

వాళ్లు దిగేసరికి అనూహ్య వాకిట్లోనే నిలబడి ఉంది. బెంచీల మీద రోగులున్నారు. ఆమె చేతిలోనూ అదే కాగితం.

"ఇది నాకు సారు ఇచ్చి పదిహేను రోజులైంది," అంది. "మీకు గూడ ఇచ్చే ఉంటడు, ఇద్దర్ల ఎవరో ఒకరు చెప్తరని చూసిన. ఎవ్వరూ చెప్పలే. ఇంక దాచుడు నా తోని కాదు. ప్రేమ్, నన్ను గూడ అనుమానించినవా?"

అతను జవాబు చెప్పడానికి ఒక్క క్షణం ఆలస్యమైంది. ఆ క్షణం ఆమెకు సరిపోయింది. ముఖం తిప్పుకుంది.

"గా ఉత్తరం సంగతేనా?" బెంచీ మీది నుంచి ఒక ముసలామె అడిగింది. "నేను రాయించిన."

ఆమె పేరు ఈరవ్వ. పక్కన ఆమె భర్త లస్మయ్య పాదానికి గుడ్డకట్టుతో కూర్చున్నాడు. చక్కెర జబ్బు మనిషి.

"ఎమ్మార్వో ఆఫీసు కాడ రాసేటాయనతోని రాయించిన," అంది ఈరవ్వ. "శ్రావణంల మూడు మాట్లు తీస్కొచ్చిన ఈయన్ని. పుండు కడిగిపిద్దామని. మూడు మాట్లు రెండింటికే వచ్చిన. డాక్టర్లు తింటున్రు, మూడున్నర దాక ఆగు అన్నరు. మా ఊరి బస్సు మూడింటికి పోతది, తర్వాత లేదు. మీ కిటికీ కిందనే కూసున్న. నవ్వులు, మీ పేర్లు అన్నీ ఇనొచ్చినయ్. కిటికీలకెల్లి అన్నీ కనబడ్డయ్. నాలుగో మాటు రాబుద్ధి కాలే. ఆఖరికి నిజామాబాదుల కాలి వేలు తీసేసిన్రు. ఇప్పుడు బస్సుల్లేక, కట్టు మార్పిద్దామని ఆటోల మళ్ల ఈడికే తెచ్చిన."

ఆమె గొంతులో కోపం లేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది.

ప్రేమ్‌సింగ్‌ ఉత్తరాన్ని నూరుసార్లు చదివాడు. అక్షరాలు చూశాడు గాని అందులో రాసింది నిజమా కాదా అని ఒక్కసారీ అనుకోలేదు. మోకాళ్ల మీద కూర్చుని లస్మయ్య కట్టు విప్పాడు. మహేందర్ సెలైన్ సీసా తెచ్చాడు. అనూహ్య దూది అందించింది.

సాయంత్రం హన్మంతుకు ఫోన్ చేసి చెప్పారు.

"ముసల్దా? మనోళ్లు కాదు గద. అయితే ఇడిసిపెట్టుండ్రి," అన్నాడు ఆయన నిశ్చింతగా.

వాళ్లు విడిచిపెట్టలేదు. మధ్యాహ్నం ఒకరి తర్వాత ఒకరు తినేటట్టు, రెండు నుంచి మూడున్నర వరకు ఎవరో ఒకరు రోగుల దగ్గర ఉండేటట్టు వంతులు వేసుకున్నారు. ఆ గదిలో ముగ్గురూ కలిసి కూర్చోవడం అంతటితో పోయింది. నవంబరులో మహేందర్ పీజీ కోచింగు కోసం హైదరాబాదు వెళ్లిపోయాడు. వెళ్లేముందు, "నేను గూడ నీ రాత చూసిన గద, బరాబర్ అయిపోయింది," అని భుజం తట్టాడు. తర్వాత ఫోన్లు పండుగలకు మాత్రమే.

అనూహ్య రెండు నెలలు రోగుల సంగతి తప్ప వేరే మాట మాట్లాడలేదు. డిసెంబరులో ఒక ఆదివారం ప్రేమ్‌సింగ్ లస్మయ్య కాలు చూడడానికి వాళ్ల ఊరికి బయలుదేరుతుంటే, తానూ వస్తానంది. షేర్ ఆటోలో పక్కపక్కన కూర్చున్నారు. పుండు మానింది. వచ్చేటప్పుడు పొలాల మధ్య ఆటో కోసం నిలబడి ఉండగా ఆమె అడిగింది.

"ఇంక ఎన్నడూ నన్ను అనుమానించనని చెప్పగలవా?"

అతను ఆలోచించాడు. ఈసారి ఆలస్యమైనా ఆమె ముఖం తిప్పుకోలేదు.

"చెప్పలేను," అన్నాడు. "అనుమానమొస్తే మాత్రం ముందు నిన్నే అడుగుత."

"వట్టి మాట చెప్పలే, మంచిదే," అంది అనూహ్య. వస్తున్న ఆటోకు చెయ్యెత్తి, "వచ్చే ఆదివారం మా బాపుతోని మాట్లాడుత. ఏమంటడో నాకు తెల్వదు. నువ్వు గూడ రా," అంది.