మూడో కుట్టు

ఆ రోజు చేయవలసిన పనులన్నీ పొద్దున్నే గోడ మీద సుద్దతో రాసి ఉన్నాయి.

హోటల్ దుప్పట్లు నలభై. దిండు గలీబులు ఎనభై.
డాక్టరుగారి తెల్లకోట్లు ఆరు. ఒకదానికి జేబు దగ్గర సిరా.
పెళ్ళికొడుకు కోటు. మూడింటికి మనిషి వస్తాడు.
అత్తకి తిన్నాక మాత్ర.
గది ఆయనకి నాలుగు లోపు మాట చెప్పాలి.
కింద 90. పైన 240. ఏది ముందొస్తే అప్పుడే ఎత్తెయ్యాలి.

రాసింది ఆ లాండ్రీలో ఇస్త్రీ చేసే ఆమె. ఓనరు దగ్గర్నుంచి బట్టల మూటలు తెచ్చే హోటల్ మనుషుల దాకా అందరికీ ఆమె వదినే. షేర్ మార్కెట్ తెరిచే వేళకి ఆమె పదమూడో దుప్పటి మీద ఉంది. ఇరవై రెండేళ్ళుగా పెట్టె తోసి తోసి కుడి భుజం ఎడమదాని కంటే ఒక వేలెడు కిందికి దిగింది. మోచేతి కింద పాత చురకలు గోధుమరంగు గీతలై ఒకదాని పక్కన ఒకటి సర్దుకున్నాయి. నీళ్ళు చిలకరించే సీసాకి ఫోను ఆనించి ఉంది. దుప్పటి మడత తిప్పినప్పుడల్లా కళ్ళు దాని మీదికి వెళ్ళి వస్తున్నాయి.

చివరి వరసలో రాసింది ముందురోజు ఆమె కొన్న ఆప్షన్ సంగతి. నూట ఇరవైకి కొన్నది. మార్కెట్ పడితే దాని ధర పెరుగుతుంది, మార్కెట్ లేస్తే తగ్గుతుంది. ఈ మధ్యాహ్నం మూడున్నరకి దాని గడువు తీరిపోతుంది. అప్పటికి విలువ ఉంటే ఉన్నట్టు, లేకపోతే చిత్తు కాగితం. తొంభైకి దిగితే నష్టానికైనా అమ్మెయ్యాలి, రెండొందల నలభైకి ఎక్కితే లాభానికి అమ్మెయ్యాలి. ఆ లెక్కలు ముందే ఫోనులో పెట్టేస్తే అదే అమ్ముకుంటుందని కూతురు చెప్పింది. ఆమెకి అది నచ్చలేదు. పెట్టె తనంతట తాను లేస్తుందని నమ్ముకుని కూర్చుంటే చెయ్యి పని మర్చిపోతుందని ఆమె భయం.

రెండొందల నలభై ఆమె ఊరికే రాయలేదు. వీధి చివర మందుల షాపు పక్కన ఒక చిన్న గది ఖాళీ అయింది. వీధివైపు కిటికీ ఉంది. అక్కడ ఒక బల్ల వేసుకుంటే, ఇన్నేళ్ళకి మొదటిసారి ఎవరి బల్ల మీదో కాకుండా తన బల్ల మీద ఇస్త్రీ చేసుకోవచ్చు. అడ్వాన్సుకి ఆరువేలు తక్కువ. ఇంకెవరో కూడా గది అడుగుతున్నారని, సాయంత్రం నాలుగు దాకా మాత్రమే ఆగగలనని గది ఆయన ఖరాఖండిగా చెప్పేశాడు. ఆమె దగ్గరున్నది ఒక లాటు, అంటే యాభై. రెండొందల నలభైకి అమ్మితే లాభం సరిగ్గా ఆ ఆరువేలు.

లాటు సంగతి తలుచుకుంటే ఆమెకి ఇప్పటికీ నవ్వొస్తుంది. మొదటిసారి ఒకటి అని నొక్కి, ఒక్కటే వస్తుందనుకుంది. యాభై వచ్చిపడ్డాయి. ఖాతా ఊడ్చిపెట్టుకుపోయింది. కూతురు తల పట్టుకుంది. "అమ్మా, ఒకటంటే ఒక లాటు!" అసలు లాటంటే ఏమిటో ఆమెకి ఒకరు చెప్పాలా? మెషీన్‌లో ఒక్క చొక్కా వేసి తిప్పనిస్తారా ఎవరైనా? "ఆ ముక్క ముందే చెప్పి ఏడవచ్చు కదే," అంది.

ఈ విద్య ఆమెకి ఒక పాంటు జేబులో దొరికింది. ఉతికే ముందు జేబులు వెతకడం లాండ్రీలో మొదటి పని. ఒకసారి మడతలు పెట్టిన పది కాగితాలు దొరికాయి, ఎవరో క్లాసులో కూర్చుని రాసుకున్నవి. పాంటు తాలూకు మనిషి వచ్చినప్పుడు తీసి ఇవ్వబోయింది. అతను వాటిని చూసి మొహం చిట్లించి, "ఆ చదువు నాకు చాలండీ, పారేయండి," అన్నాడు. ఆమె పారేయలేదు. రెండేళ్ళు చదివింది. అర్థంకాని చోట కూతుర్ని అడిగింది. పైసా పెట్టకుండా గోడ మీద సుద్దతోనే కొని, సుద్దతోనే అమ్మి, చెరిపేసి, మళ్ళీ రాసింది. గోడ తెల్లబడిపోయింది గాని ఆమె మాత్రం వదల్లేదు.

"ఇవాళ నీ మార్కెట్టుకి ఒళ్ళెలా ఉందే?" మూల నుంచి అత్త అడిగింది.

అత్తకి డెబ్బై ఎనిమిదేళ్ళు. కిటికీ పక్కన ఇనప కుర్చీలో పాత దుప్పటి మడతపెట్టుకుని దానిమీద కూర్చుంటుంది. వచ్చిన ప్రతి చొక్కాకీ కాలరు లోపల ఎర్రదారంతో మూడు కుట్లు వేస్తుంది. ఈ లాండ్రీ గుర్తు అది. ఓనరు ఇంకు ముద్ర తెచ్చాడు, ఆ తర్వాత కాగితం చీటీలు తెచ్చాడు. ముసలామె రెండింటినీ పక్కకి తోసేసి తన సూదే పట్టుకుంది. నెలకింత అని ఓనరు చేతిలో పెట్టేది ఆమె కళ్ళజోడుకే చాలదు, అయినా రోజూ వస్తుంది.

"జ్వరంగానే ఉందత్తా. పది రోజులైంది, దిగట్లేదు."

"మనం కొన్న కాగితం ఏదీ, ఒకసారి చూపించు."

"కాగితం ఉండదు. ఫోన్లోనే ఉంటుంది."

"ఫోను జేబులో పెట్టుకుని ఉతికేస్తే?"

"నీ కొడుకు చొక్కా కాదుగా, నేను జేబు చూసే ఉతుకుతాను."

ముసలామె కిసుక్కున నవ్వింది. కొడుకు ఇంకో కాపురం పెట్టుకుని వెళ్ళిపోయిన రోజున ఆమె తన ట్రంకుపెట్టె మీద కూర్చుని కాసేపు ఆలోచించింది. "వాడు నాకు వండిపెడతాడా చస్తాడా. నువ్వెలాగూ నీకోసం వండుకుంటావు, ఇంకో గుప్పెడు బియ్యం పొయ్యి," అంది కోడలితో. అంతే. ఆ మాట మీద పద్నాలుగేళ్ళు గడిచాయి.

పదకొండింటికి మార్కెట్ లేచింది. ఆప్షన్ నూట ఇరవై నుంచి నూట పది, నూట రెండు, తొంభై ఏడు. ముందు గదిలో టీవీ ముందు కూర్చున్న ఓనరు అక్కణ్ణుంచే కేకేశాడు.

"వదినా, మన పని అయిపోయింది! చూస్తున్నావా?"

ఆయనా అదే కొన్నాడు, నాలుగు లాట్లు. ఆమె చెబితే కొన్నాడని మాత్రం ఒప్పుకోడు.

"తొంభై రాలేదు కదండీ."

"వచ్చాక ఏం చేస్తావు?"

"ఎత్తేస్తా."

"అదేంటి వదినా, దిగినప్పుడు ఇంకో నాలుగు కొనాలి. కొన్న సగటు ధర తగ్గుద్ది."

ఆమె పెట్టె పక్కకి పెట్టింది. గలీబుల కట్ట విప్పింది. తొంభై ఐదు. ఈ ఐదూ పోతే గది పోయినట్టే. అయినా ఆమె మనసులో ఆ తొంభై గీత చెరగలేదు. పెళ్ళైన కొత్తలో, పెట్టె పట్టిన మొదటి వారంలోనే, ఒక పాంటు మాడ్చింది. అప్పుడు అత్త తిట్టలేదు. ఆమె చేతిని పట్టుకుని, వేడి పెట్టెతో సహా గాల్లోకి లేపి చూపించింది. "వాసనొచ్చేదాకా ఉంచావంటే అయిపోయినట్టే. ముందే ఎత్తాలి. ఇంకొంచెం నున్నగా వస్తుందనిపిస్తుంది చూడు, అప్పుడు." ఆ పది కాగితాల్లో రాసిన నష్టాల పాఠం చదివినప్పుడు ఆమెకి కొత్తగా ఏమీ అనిపించకపోవడానికి అదే కారణం.

తొంభై రాలేదు. తొంభై నాలుగు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

మధ్యాహ్నానికి హోటల్ మూటలూ డాక్టరుగారి కోట్లూ వెళ్ళిపోయాయి, ఆ వరసలు గోడ మీద కొట్టేసింది. ఇద్దరూ బల్ల చివర పెట్టుకుని అన్నం తిన్నారు. ముసలామె నాలుగు ముద్దలు తిని చాలంది. మాత్ర వేసుకుంది.

"ఆ గదిలో కిటికీ దగ్గర నా కుర్చీ పడుతుందా?"

"గది రానీ ముందు."

"పడితేనే వస్తా. లేకపోతే నువ్వొక్కదానివే ఏడువు."

"సరే, పడేట్టే చూస్తాలే."

"వీధి కనబడాలి. ఎన్నేళ్ళని ఈ దుప్పట్ల మొహం చూడను?"

రెండు గంటలకి మార్కెట్ కూలడం మొదలైంది. టీవీలో మాట్లాడేవాళ్ళ గొంతులు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. ఆమె అప్పుడే పెళ్ళికొడుకు కోటు బల్ల మీద పరిచింది. ముదురు నీలం ఉన్ని. అలాంటి గుడ్డ మీద పెట్టె నేరుగా పెట్టకూడదు. మధ్యలో తడిగుడ్డ పరవాలి, ఆవిరి పట్టి ముడత విడిచే క్షణం దాకా నొక్కిపట్టి లేపాలి. వీపు అయింది. ఎడమ భుజం అయింది. ఫోనులో నూట డెబ్బై. నూట తొంభై ఎనిమిది. రెండొందల ఇరవై ఆరు.

"వదినా, ఇవాళ మనదే!" ఓనరు తలుపు దాకా వచ్చాడు. చొక్కా గుండీలు రెండు ఊడి ఉన్నాయి. "అమ్మకు! నాలుగొందలు పోతుంది, నా మాట విను."

రెండొందల నలభై ఒకటి.

ఆమె ఎడమ బొటనవేలు ఫోను మీదికి వెళ్ళింది. నాలుగొందలంటే అడ్వాన్సు ఒక్కటే కాదు, కొత్త బల్ల కూడా. ఆవిరి పెట్టె కూడా. రంగులేసిన బోర్డు. రెండొందల యాభై మూడు. ఇంకొక్క నిమిషం. రెండొందల అరవై రెండు. కుడిచెయ్యి కోటు ఛాతీ మీద పెట్టెని నొక్కిపట్టి అలాగే ఉంది. దానికి చెప్పేవాళ్ళు లేరు. అరవై రెండు యాభై ఐదైంది. మళ్ళీ పెరుగుతుందిలే. నలభై తొమ్మిది. తడిగుడ్డ అంచు నుంచి ఆవిరి రావడం ఎప్పుడో మానేసింది.

"ఎత్తవే!"

అంత గొంతు ముసలామెకి ఉందని ఆ గదిలో ఎవరికీ తెలియదు. కోడలు కుడిచేత్తో పెట్టె లేపింది. లేపుతూనే ఎడమచేత్తో నొక్కింది. రెండూ ఒకే ఊపులో జరిగాయి. ఏది ముందో ఆమెకీ తెలియదు.

రెండొందల నలభై నాలుగు. అమ్ముడుపోయింది.

గుడ్డ తీసి చూసింది. గుడ్డ మీద పెట్టె ముక్కు ఆకారంలో పచ్చగా మచ్చ తేలింది. కింద కోటుకి ఏమీ కాలేదు. అరచెయ్యి పెట్టి చూసింది, వెలుతురుకి వంచి చూసింది. ఏమీ కాలేదు.

"రెండూ ఎత్తేశానత్తా."

"ఊఁ." ముసలామె సూదికి దారం ఎక్కిస్తూ తల ఎత్తలేదు. "చెవులు మూసుకుపోయాయనుకున్నా నీకు."

ఖర్చులు పోను ఆరువేలకి కాస్త పైనే ఉంటుంది. ఆమె గోడ దగ్గరికి వెళ్ళి చివరి వరస కొట్టేసింది. కొత్తగుడ్డ తడిపి పిండి, కుడి భుజం, చేతులు, కాలరు, ఒక్కొక్కటే నెమ్మదిగా ముగించింది. ముందు గదిలో మాటలు మారుతున్నాయి. మార్కెట్ ఎంత వేగంగా పడిందో అంత వేగంగానూ లేస్తోంది. నూట ఎనభై అన్నాడు ఓనరు. కాసేపాగి నూట పది అన్నాడు. ఆ తర్వాత ఏమీ అనలేదు.

కోటు హ్యాంగరుకి వేశాక ఆమె తిరిగింది.

"అత్తా, నీ కుర్చీ ఎటు వేయమంటావు, తలుపు పక్కనా?"

ముసలామె గడ్డం గుండెల మీదికి వంగి ఉంది. తిన్నాక కునుకు తీయడం అలవాటే. ఒడిలో గళ్ళ చొక్కా, కాలరు తిప్పి ఉంది.

"అత్తా."

దగ్గరికి వెళ్ళి చెయ్యి పట్టుకుంది. చెయ్యి వెచ్చగానే ఉంది. వేళ్ళలో పట్టు లేదు.

ఆమె అరవలేదు. కుర్చీ పక్కన కింద కూర్చుని ఆ చేతిని అలాగే పట్టుకుని ఉండిపోయింది. ఓనరు వచ్చి చూశాడు. వెనక్కి వెళ్ళి టీవీ ఆపేశాడు. ఆయన నాలుగు లాట్లు ఇంకా అందులోనే ఉన్నాయి. మళ్ళీ దాని ముఖం చూడలేదు. పక్కవీధి డాక్టరుగారు పరుగున వచ్చారు, పొద్దున ఆమె ఇస్త్రీ చేసిన కోటే వేసుకుని. నాడి చూసి, కళ్ళు చూసి, "బాధ పడలేదమ్మా," అన్నారు.

మూడింటికి కోటు కోసం మనిషి వచ్చాడు. ఆమె లేచి, మొహం కడుక్కుని, కోటు పెట్టిన సంచి జిప్పు లాగి చేతికిచ్చింది. పెళ్ళిపని మీద వచ్చినవాడికి చావుకబురు చెప్పబుద్ధి కాలేదు. కాలరు నలగకుండా పట్టుకోమని మాత్రం చెప్పింది. ఆ వరస కూడా గోడ మీద కొట్టేసింది. మాత్ర వరస కొట్టేసింది.

ఒకటి మిగిలింది. నాలుగుకి ఐదు నిమిషాలుండగా గది ఆయనకి ఫోను చేసింది.

"నేనండీ, ఇస్త్రీ ఆవిణ్ణి. గది నాకే. డబ్బు సిద్ధంగా ఉంది, కానీ ఇవాళ రాలేను. మా అత్త పోయింది."

"అయ్యో. పర్లేదమ్మా, గది ఎవరికీ ఇవ్వను. మీరు వీలు చూసుకునే రండి."

"ఒక్క మాటండీ. వీధివైపు కిటికీ కింద ఒక కుర్చీ పడుతుందా?"

"పడుతుంది. ఎందుకు?"

"ఒక కుర్చీ ఉంది. వేద్దామని," అంది.

ఆ లాండ్రీలో ఉతికిన చొక్కా ఎప్పుడైనా మీ చేతికొస్తే, తొడుక్కునే ముందు కాలరు లోపలికి తిప్పి చూడండి. మూడు ఎర్ర కుట్లు కనబడితే కత్తిరించకండి. ఒక్కసారి ఆ ముసలామెని తలుచుకోండి. ఆమె ఒడిలో ఉండిపోయిన గళ్ళ చొక్కాకి మాత్రం రెండే కుట్లున్నాయి. మూడోదానికని దించిన సూది కాలరు మడతలో సగం దిగి ఆగి ఉంది, ఎర్రదారం కిందికి వేలాడుతూ.