మొక్కి వదిలిన చేప

ఎల్బీనగర్ చేపల మార్కెట్ వెనక ఉన్న సంఘం గదిలో ఆ పొద్దున మనుషులు కిక్కిరిసి ఉన్నారు. మధ్యలో నీళ్ళ తొట్టి. అందులో పెద్ద అంబర్‌పేట్ అవతలి చెరువులో దొరికిన కొర్రమీను. నడుం మీద ఎర్రటి పుండు పచ్చిగా విచ్చుకుని ఉన్నా ఇంకా బతికే ఉంది.

రెండు వానాకాలాలుగా చెరువులో కొర్రమీనులు ఇలాగే కుళ్ళి తేలుతున్నాయి. కారణం కనిపెట్టడానికి మృదుల అనే పరిశోధకురాలు ఒక పథకం తయారుచేసింది. మత్స్యకారుల సంఘం కూడా తన వాటా వేసి తీర్మానం చేస్తేనే పైవాళ్ళు నిధులిస్తారట. సంఘం దగ్గర ఉన్నది గంగమ్మ పండుగ సొమ్మొక్కటే.

"పండుగకు యాటపోతును కొయ్యకుంటే గంగమ్మ తల్లి ఊకుంటదా?" అన్నారెవరో.

"యాటెందుకు? మా బామ్మర్ది మెడ ఉన్నది గద!" అన్నాడు సంఘం పెద్ద అంజయ్య. అందరూ నవ్వారు.

అతని భార్య ఇంద్రమ్మ నవ్వలేదు. చేపపిల్లలను పెంచి చెరువుకు అమ్మే హరీష్ ఆమెకు ఒక్కగానొక్క తమ్ముడు. వాడి చేపపిల్లలతోనే రోగం వచ్చిందని మగవాళ్ళంతా తేల్చేశారు. నెల నుంచీ ఫోను మోగితే చాలు, వాణ్ణి ఎవరేం చేశారోనని ఉలిక్కిపడుతోంది.

"రాసుకో మేడం. హరీష్‌గానితోనే రోగమొచ్చిందని రాయి, ఇప్పుడే ఏలుముద్రలేస్తం," అన్నాడు అంజయ్య, తొట్టి పక్కన కాగితాలతో కూర్చున్న మృదులతో.

"జవాబు ముందే రాసేస్తే ఇంక పరిశోధన దేనికండీ అంజయ్యగారూ?" అంది మృదుల. "మూడు చోట్ల చేపల్ని చూస్తాం. మీ చెరువు, హరీష్‌గారి తొట్లు, గుట్ట కింద క్వారీ కుంట. ఆ కుంటలో ఎవరూ ఎప్పుడూ చేపపిల్లల్ని వెయ్యలేదన్నారుగా. అక్కడా పుండ్లుంటే తప్పు హరీష్‌గారిది కానట్టే."

ఇంద్రమ్మకు ప్రాణం లేచి వచ్చింది. కుంటలో పుండ్ల చేపలున్నాయి. ఆమెకు తెలుసు.

వాళ్ళ వాడలో పుండు పట్టిన చేపను చంపరు. ఆడవాళ్ళు దాన్ని తడి గోనెలో చుట్టి, గంగమ్మకు మొక్కి, వేరే నీళ్ళలో వదులుతారు. ఎక్కడ వదిలిందీ మగవాళ్ళు అడగకూడదు. ఇంద్రమ్మ వదిలేది ఆ కుంటలోనే. "నిమ్మలంగ పో తల్లీ" అని సాగనంపిన ప్రతిసారీ, కూతుర్ని పంపినట్టు ఏడ్చేది.

ఇప్పుడు నోరు మెదపకుంటే చాలు, తమ్ముడు బతుకుతాడు.

అంతలో తలుపు దభాలున తెరుచుకుంది. లోపలి మాటలు బయటికే వినపడ్డాయేమో, దిల్‌సుఖ్‌నగర్ నుంచి బండి మీద వచ్చిన హరీష్ చేతిలో హెల్మెట్‌తో నిలబడ్డాడు.

"నా మెడ కోస్తనన్నోడు ఎవడ్రా? ముందటికి రా!"

అంజయ్యే వచ్చాడు. కొర్రమీనులను తల మీద కొట్టి చంపే కట్టె అతని చేతిలో ఉంది. హరీష్ విసిరిన హెల్మెట్ అంజయ్య పెదవి చీల్చింది. మరుక్షణం పదిమంది హరీష్ మీద పడ్డారు. కడుపులో తన్నారు, జుట్టు పట్టి గోడకేసి కొట్టారు. అడ్డం పెట్టిన చేతి మీద కట్టె పడి ఎముక పటుక్కుమంది. మృదుల అరుపు ఎవరికీ వినపడలేదు.

"కుంటల చేపలకు గూడ పుండ్లున్నయి!" నెత్తురు ఉమ్ముతూ అరిచాడు హరీష్. "ఆడ నేనెన్నడన్న పిల్లలేసిన్నా?"

కట్టె గాలిలో ఆగింది.

"నిజమా? అయితే మీ పిల్లల వల్ల కాదన్నమాట!" అంది మృదుల, కాగితం అందుకుని రాసుకుంటూ. కొట్టినవాళ్ళలో ఒకడు రక్తమంటిన చేతిని లుంగీకి తుడుచుకున్నాడు.

తొట్టిలో చేప టపటపా కొట్టుకుంది. అలవాటు కొద్దీ ఇంద్రమ్మ చెయ్యి మూలనున్న గోనె మీదికి పోయింది. పోయి, అక్కడే ఆగిపోయింది. దీన్ని మళ్ళీ ఏ నీళ్ళలో వదలాలి? ఆ నీళ్ళలో ఉన్నవి ఏమవ్వాలి?

"కుంటల రోగం చేపలను ఇడిచింది నేనే," అంది. "రెండేండ్ల సంది మొక్కి ఇడుస్తున్న."

"అక్కా, నోరు ముయ్యి!" అన్నాడు హరీష్.

మృదుల రాసినదాన్ని కొట్టేసింది. "అయితే అక్కడి పుండ్లు మీరు వదిలినవాటి నుంచే వచ్చుండొచ్చు. ఆ కుంటతో ఏదీ తేలదు ఇంద్రమ్మగారూ. మీ మొక్కు చేరని నీళ్ళు వెతకాలి. ఇకమీద పుండు చేపని ఎక్కడా వదలొద్దు. చంపి నాకివ్వండి."

"అంటే గీనిదే తప్పు!" అంజయ్య కట్టె ఎత్తాడు.

"తప్పని కాదండీ, ఇంకా తెలీదని!"

ఇంద్రమ్మ తమ్ముడికి అడ్డం పడింది. దెబ్బ ఆమె భుజం మీద దిగింది. పడుతూనే కట్టె గుంజుకుంది.

"తేలేదాక వీని మీద చెయ్యేస్తే, పుస్తె తెంపి ఈ తొట్టిలేస్త!"

అంజయ్య వెనక్కి తగ్గాడు. ఆమె తొట్టిలోంచి చేపను తీసి నేల మీద పెట్టింది. కళ్ళు మూసుకోకుండా కొట్టింది. కొర్రమీనుది మొండి ప్రాణం, తోక ఆడిస్తూనే ఉంది. మళ్ళీ కొట్టింది. చీర కుచ్చిళ్ళ మీద నెత్తురు చింది పడింది. చేపను మృదుల తెచ్చిన ఐసు పెట్టెలో పెట్టి, తీర్మానం మీద మొదటి ముద్ర తానే వేసింది. చాలాసేపటికి, చీలిన పెదవి తుడుచుకుంటూ అంజయ్య వచ్చి బొటనవేలు చాచాడు.

హరీష్ విరిగిన చేతిని ఒళ్ళో బిడ్డలా పట్టుకుని లేచాడు.

"దవాఖానకు నేనొస్త తమ్మీ..."

"ఒద్దు. అందరికన్న గట్టిగ కొట్టింది నువ్వే. నాకు అక్క లేదింక."

వాడు గడప దాటుతుంటే నిమ్మలంగ పొమ్మందామనుకుంది. చేపలను సాగనంపిన మాట అదే. అనకుండా, మూలనున్న గోనె తీసి ఐసు పెట్టె మీద కప్పింది.