తెగిన వాక్యానికి ముడి

శుక్రవారం బొంబాయి దగ్గరి కనేరిలో సాంచాలు, అంటే మరమగ్గాలు, బంద్. చప్పుడు లేని కార్ఖానాలో కూర్చుని దెబోరా జర్మన్ చదువుకుంటోంది. పరీక్ష పాసైతే జర్మనీలో నర్సు ఉద్యోగం. తండ్రి దేవానందం ఒకే షరతు పెట్టాడు.

"యాడికన్న పో బిడ్డా. రోజు ఫోన్ల మాత్రం నాతోని మన మాటల్నే మాట్లాడాలె. మీ అమ్మ పోయినంక నాకు మాట్లాడ నువ్వొక్కదానివే దిక్కు."

"మాట్లాడుడేంది బాపు, తిడత గూడ!"

నూలు చుట్టేటప్పుడు పొరల మధ్య పెట్టడానికి తెచ్చిన చిత్తు కాగితాల్లో ఆమెకో కట్ట కనిపించింది. టైపు చేసిన జర్మన్ ఉత్తరాలు. సొంత దేశం తరిమేస్తే ఎప్పుడో బొంబాయి చేరిన ఓ రచయిత తన సాహితీ మిత్రులకు రాసినవి. ఒక్కరూ జవాబివ్వలేదట.

'నా పుస్తకాలు కాల్చేశారు. నాకు మిగిలిన ఇల్లు నా భాషే. ఇక్కడ అందులో పలికేవారు లేరు.'

చివరి ఉత్తరం మధ్యలోనే ఆగింది. 'మిత్రమా, నీ భాషలో నాకు చోటిస్తావా? బదులుగా నా భాషను నీకు...'

దెబోరా సాంచాల మధ్య పెరిగింది. తెగిన పోగు కనిపిస్తే ముడేసేదాకా ఆమె చేయి ఊరుకోదు. పెన్సిల్ తీసి 'ఇస్తాను' అని వాక్యం పూర్తి చేసింది. దాని కింద జర్మన్‌లోనే జవాబు రాసింది. 'ఇవ్వండి. మీరు నా భాషలోకి రండి.' కింద తన పేరు రాసింది.

"ఏం రాసినవ్?" దగ్గరికొచ్చి దేవానందం అడిగాడు.

"ఆయనకు జవాబు బాపు. పాపం, ఒక్కడన్న రాయలె."

"సచ్చినోనికి జవాబేంది పిల్లా! ఇటియ్యి, చింపేస్త."

లోపలి వరసలో టక్. టక్ టక్.

సాంచా కాదది. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొడుతున్న టైపు మిషన్. దేవానందం లోపలికెళ్లి చూశాడు. ఎవరూ లేరు. చప్పుడు ఆగింది. వెనక్కి వచ్చాడు.

"పా బిడ్డా, చాయ్ తాగుదాం."

దెబోరా తలెత్తింది. దారి అడిగిన పరాయివాణ్ణి చూసినట్టు చూసి, జర్మన్‌లో ఏదో అంది.

"మజాక్ జెయ్యకు."

ఆమె మళ్లీ నోరు తెరిచింది. ఎంత ప్రయత్నించినా జర్మనే వస్తోంది. గొంతు పట్టుకుని ఏడవసాగింది.

దేవానందం ఉత్తరం లాక్కుని ముక్కలు ముక్కలు చేశాడు. అయినా ఆమె నోట తెలుగు రాలేదు. దేవానందం కూలబడి ఏడ్చాడు.

ఖాళీ సాంచాల వెనక నుంచి ఓ ముసలి మగ గొంతు, జర్మన్ యాసతో మాటలు కూడబలుక్కుంటూ పలికింది.

"ఏడ్వకు బాపు. రోజు నీతోని నేను మాట్లాడుత."