గిన్నెలో పంపిన లెక్కలు

అమెరికాలోని పార్సిప్పనీలో ఆ అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో శనివారం వచ్చిందంటే గిన్నెల రోజే. పదకొండు దాటేసరికి మెట్లమీద ఆడవాళ్ళు స్టీలు గిన్నెలు పట్టుకుని ఎదురుపడుతుంటారు. కిందనుంచి గోంగూర రొయ్యలు పైకి వెళ్తాయి, పైనుంచి పులిహోర కిందికి దిగుతుంది. కూరలతోపాటు ఎవరికొచ్చిన విద్యలు, ఎవరికున్న ఇష్టాలు కూడా అలాగే తిరుగుతుంటాయి. ఇవ్వదలుచుకున్నదాన్ని మనసులో తలుచుకుని, గిన్నెలోకి ఊపిరి వదిలి మూత పెట్టేయడమే. పుచ్చుకున్నవాళ్ళు మూత తీసి పీల్చుకుంటే వాళ్ళకి వచ్చేస్తుంది, ఇచ్చినవాళ్ళకి పోతుంది. కిందటేడు నాగమల్లేశ్వరి పెళ్ళి చీరలకి మనవాళ్ళ షాపులుండే ఐసెలిన్ వెళ్ళాలంటే హైవే అంటే భయపడింది. ఎదురింటి దేవకుమారి తన డ్రైవింగ్ గిన్నెలో పెట్టి పంపింది. అది తిరిగొచ్చేదాకా దేవకుమారిని డ్యూటీకి భర్త లెవి దింపాడు. ఇరుగుపొరుగన్నాక ఆ మాత్రం ఉండదా?

పద్ధతులు మాత్రం ఉన్నాయి. తీసుకున్నది మూడు వారాల్లోపు తిరిగిచ్చేయాలి. దాటితే పాలు తోడుకున్నట్టు తోడుకుపోతుంది, ఇక ఆ మనిషిలోంచి కదలదు. మధ్యలో ఒకసారి తిరిగిచ్చి మళ్ళీ తెచ్చుకుందామంటే కుదరదు, అరువు తెచ్చుకున్న మనిషికి అది రెండోసారి అంటదు. ఇక ఎవరి గిన్నైనా ఖాళీగా తిరిగివ్వకూడదన్నది వేరే చెప్పాలా? ఏమీ లేకపోతే గుప్పెడు పంచదారైనా వేసివ్వాలి.

దేవకుమారి కూతురు ప్రిస్సిల్లాకి ఇరవై ఏళ్ళు. దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ళు చదివి, అక్కణ్ణుంచి స్టేట్ యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అయ్యి పొలిటికల్ సైన్స్ చదవాలని దాని ఆశ. ఆశంటే మామూలు ఆశ కాదు. ఎనిమిదో క్లాసులో ఉండగా వీళ్ళ వీధిలో బస్‌స్టాప్ ఎత్తేస్తామంటే, ఊరి పాలకవర్గం పెట్టే టౌన్‌షిప్ మీటింగ్‌కి వెళ్ళి మైకు ముందు మూడు నిమిషాలు మాట్లాడి వచ్చింది. బస్‌స్టాప్ ఉండిపోయింది. ఆ రోజునుంచీ దానికి రాజకీయాలు తప్ప ఇంకో లోకం లేదు. పొద్దున టిఫిన్ దగ్గర ఎన్నికల సర్వేలు చదివి తాతయ్యకి వినిపించేది. వెయ్యి మందిని అడిగితే ఫలితం మూడు శాతం అటూ ఇటూ ఎందుకవుతుందో ఇడ్లీముక్కలు పేర్చి చూపించేది.

ఆ తాతయ్య, దేవకుమారి తండ్రి దైవాశీర్వాదం గారు, వంతెనలు కట్టే ఇంజనీరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఎనభైకి ఒక్క ఏడాది తక్కువ. రోజూ కాఫీ తాగుతూ, వచ్చిన జంక్ మెయిల్ కవర్ల వెనక లెక్కలు వేసుకోవడం ఆయనకి ప్రార్థన తర్వాత ప్రార్థన. మనవరాలి సర్వేలు నవ్వుతూ వినేవారు కానీ, అదీ లెక్కలేనని ఆయనకి తట్టలేదు.

ట్రాన్స్‌ఫర్‌కి ఒక మ్యాథ్ కోర్సు పాసవ్వాలన్నారు. కాలేజీ లిస్టులో స్టాటిస్టిక్స్ ఉంది, లిబరల్ ఆర్ట్స్ వాళ్ళకోసం తేలిక మ్యాథ్ ఉంది, ప్రీకాలిక్యులస్ ఉంది. లెవి ఆ రెండో పేరు చదివి చిన్నబుచ్చుకున్నాడు. లెవి ఐటీలో ఇరవై ఏళ్ళనుంచి ఉన్నాడు, లెక్కలకి జడిసినవాణ్ణి తన వంశంలో చూడలేదంటాడు. ఆదివారం చర్చి అయ్యాక భోజనాల దగ్గర అడిగితే అంకుల్స్ అందరూ ఒకే మాట అన్నారు, మ్యాథ్ అంటే కాలిక్యులస్‌కి దారితీసేదే మ్యాథ్ అని. స్టాటిస్టిక్స్ మాటెత్తితే అది బిజినెస్ వాళ్ళకన్నారు. యూనివర్సిటీలో పొలిటికల్ సైన్స్‌కి ఏది సరిపోతుందో ఒక ఫోన్ చేసి కనుక్కున్న మహానుభావుడు ఆ ముప్ఫై మందిలో ఒక్కడు లేడు. ప్రిస్సిల్లా కూడా అడగలేదు. మ్యాథ్ సంగతి డాడీకి తెలుస్తుందనుకుంది.

ప్రీకాలిక్యులస్ మొదటిసారి తప్పింది. రెండోసారి సగంలో మానేసింది. ట్యూటర్‌ని పెట్టారు, వీడియోలు చూపించారు, పాస్టర్ గారితో తలమీద చెయ్యి వేయించారు. సైన్, కొసైన్ అనేసరికి పిల్ల పెన్సిలు కింద పెట్టేసేది. ఈలోగా యూనివర్సిటీనుంచి ఉత్తరం వచ్చింది. సీటు ఇచ్చాం, ఆగస్టు పదిహేనులోపు మ్యాథ్ పూర్తిచేసినట్టు చూపించకపోతే ఆ సీటు ఉండదు అని. మిగిలింది ఆరు వారాల సమ్మర్ కోర్సు ఒక్కటే. ప్రిస్సిల్లా బాత్రూంలో షవర్ తిప్పుకుని ఏడిచేది, ఆ నీళ్ళ చప్పుడులో కూడా అందరికీ వినబడేది.

జూన్‌లో ఒక శనివారం దైవాశీర్వాదం గారు వంటింట్లోకి వచ్చి తన పేరు చెక్కిన స్టీలు గిన్నె దించమన్నారు. దేవకుమారికి అర్థమైపోయింది.

"నాన్నా, కోర్సు ఆరు వారాలు. తోడుకుపోతుంది. మీకు మళ్ళీ రాదు."

"నేనింకేం వంతెనలు కట్టాలమ్మా?" అన్నారాయన.

లెవి కూడా వద్దు మామయ్య గారూ అని రెండుసార్లు అని, మూడోసారి ఊరుకున్నాడు. ఆయన గిన్నెలోకి ఊపిరి వదిలి మూత పెట్టేసరికి చాలాసేపు పట్టింది, అరవై ఏళ్ళ లెక్కలు మరి. ప్రిస్సిల్లా మూత తీసి పీల్చుకుంది. సోమవారం క్లాసులో టీచర్ బోర్డుమీద ప్రశ్న రాసి ముగించేలోపు జవాబు చెప్పింది.

ఇంట్లో తాతయ్య పరిస్థితి అలా లేదు. మందుల డబ్బాలో ఎన్ని మాత్రలు వేసుకోవాలో తెలిసేది కాదు, ఎవరైనా చేతిలో పెట్టాలి. గోడ గడియారం వైపు చూసి తల దించుకునేవారు. కాఫీ పక్కన కవరు, పెన్సిలు పెట్టుకుని కూర్చునేవారు కానీ కవరు తెల్లగానే ఉండేది. చర్చిలో కీర్తన నంబరు చెప్తే పక్కవాళ్ళు పేజీ తీసివ్వాల్సి వచ్చింది. ఎవరైనా బాధగా చూస్తే బాగానే ఉన్నానని నవ్వేవారు. ఆ నవ్వు చూస్తే ప్రిస్సిల్లా కంచం వదిలి లేచిపోయేది.

ఆగస్టు మొదటివారంలో ఫలితం వచ్చింది. 'ఏ' గ్రేడ్. లెవి ఐసెలిన్ వెళ్ళి మిఠాయి తెచ్చాడు. ఆ సాయంత్రం ప్రిస్సిల్లా తాతయ్య గిన్నె కడిగి తుడిచి పట్టుకుని వంటింట్లో నిలబడింది. లెక్కలు తిరిగివ్వడానికి లేదు, గిన్నె ఖాళీగా ఇవ్వడానికి లేదు. పంచదార వేసివ్వవే అంది తల్లి. అంత ఇచ్చిన మనిషికి పంచదారా అనిపించింది పిల్లకి. పొద్దున లేచి తలుచుకోవడానికి ఆయనకి ఏదో ఒకటి ఉండాలి కదా. తన దగ్గర ఉన్నవాటిలో అంత బరువైనది ఒక్కటే, రాజకీయాలమీద ఉన్న ఆ ఇష్టం. చిటికెడు పెడదామనే అనుకుంది. కానీ చెయ్యి తిరిగినవాళ్ళకే తప్ప గిన్నెలోకి కొలిచి వదలడం రాదు. ఊపిరి వదిలేసరికి ఉన్నదంతా వెళ్ళిపోయింది.

మర్నాడు దైవాశీర్వాదం గారు పేపరు మొదటి పేజీనుంచి చివరిదాకా చదివారు. ఆ వారమే టౌన్‌షిప్ మీటింగ్‌కి తీసుకెళ్ళమని లెవి వెంటపడ్డారు. చర్చి ముందు రోడ్డు దాటడానికి ముసలివాళ్ళకి సిగ్నల్ సమయం చాలడం లేదని మైకులో మాట్లాడి వచ్చి, రాత్రి భోజనం దగ్గర కూడా అదే మాట్లాడారు. ఇంట్లో అందరూ ఆయన ముఖం వైపే చూశారు. ప్రిస్సిల్లా కూడా సంతోషించింది, అన్నం కలుపుకుంటూ ఊఁ కొట్టింది.

సర్టిఫికెట్ చూపించడానికి తర్వాతి వారం శుక్రవారం లెవి, ప్రిస్సిల్లా యూనివర్సిటీకి వెళ్ళారు. అడ్వైజర్ ఒక పెద్దావిడ. కాగితం చూసి అభినందించి, రిక్వైర్‌మెంట్ పూర్తయిందని కంప్యూటర్‌లో టిక్కు పెట్టింది. తర్వాత మామూలుగా అడిగింది, పొలిటికల్ సైన్స్‌కి ఇంత కష్టమైనది ఎందుకు తీసుకున్నావమ్మా అని. స్టాటిస్టిక్స్ సరిపోయేదట. అసలు అదే మంచిదట, సర్వేలు చదవడం వచ్చినవాళ్ళకి సగం కోర్సు వచ్చినట్టేనట.

ఇద్దరూ బయటికి వచ్చారు. పార్కింగ్‌లో లెవి కారు స్టార్ట్ చేసి, గేరు వేయకుండానే మళ్ళీ ఆపేశాడు. "నాదే తప్పు" అన్నాడు. ప్రిస్సిల్లా ఇట్స్ ఓకే డాడీ అంది. నిజంగానే దానికి ఓకేగానే ఉంది. ఆ సంగతికే లెవికి భయం వేసింది.

ఇంటికొచ్చి చెప్తే దేవకుమారి కేలెండర్ ముందుకెళ్ళి నిలబడింది. మూడు వారాల గడువుకి ఇంకా పదకొండు రోజులుంది. తిరిగి అడగవే అని పిల్లని రోజూ పోరింది. రేపు చూద్దాంలే అనేది ప్రిస్సిల్లా, ఫోన్‌లో ఏదో సమీకరణం చూసుకుంటూ. అడగడానికి మొహమాటం కాదు, కోపమూ కాదు. అడగాలన్న కోరిక కూడా ఆ గిన్నెలోనే వెళ్ళిపోయింది. కావాలనిపించనిదాన్ని ఎవరు మాత్రం ఏమని అడుగుతారు?

ఇరవయ్యో రోజున, రేపటితో గడువు ఆఖరని దేవకుమారి తండ్రికి చెప్పింది. రోజులు లెక్కపెట్టుకోవడం ఆయనవల్ల కాదుగా. ఆయన గిన్నె పట్టుకుని మనవరాలి గదికి వెళ్ళారు.

"ప్రిస్సీ, నీది నీకు ఇచ్చేస్తానమ్మా. మూత తీసి పీల్చుకో, అంతే."

"ఎందుకు తాతయ్యా? నువ్వు హ్యాపీగా ఉన్నావ్ కదా. నాకు దానితో పని లేదు."

"నీకేం పోయిందో తెలుసా?"

"తెలుసు. పాలిటిక్స్. ఇప్పుడు నాకు ఇంట్రెస్ట్ లేదు, నిజంగా." కాఫీ వద్దన్నంత నెమ్మదిగా చెప్పింది. తాతయ్య ముఖం చూసి జాలిపడి, "సరే, అక్కడ పెట్టు. తర్వాత ఓపెన్ చేస్తాను" అంది.

చేయదని ఆయనకి తెలుసు. మూత తీయకుండా ఒక పూట ఉంచితే గిన్నెలోది ఆవిరైపోతుందని కూడా తెలుసు. అప్పుడు పిల్లకీ ఉండదు, తనకీ ఉండదు. తను కూడా రేపు పొద్దున ఇలాగే, ఏం పోయిందో తెలియకుండా ఇడ్లీ తింటూ కూర్చుంటారు. ఆయన ఇంకా ఊపిరి వదలని గిన్నెని ఒళ్ళో పెట్టుకుని మంచం అంచున కూర్చున్నారు. తలుపు దగ్గర దేవకుమారి ఏడుస్తూ, పెట్టండి నాన్నా, నేను పట్టుకుని తీయిస్తాను అంది.

"బలవంతంగా పీల్పిస్తే రాదమ్మా, నీకు తెలియదా?" అన్నారాయన. "ఉండనీ. ఆ ఇష్టం ఎలాంటిదో ఇంట్లో ఒక్కరికైనా తెలిసుండాలి."

మర్నాటికి గడువు దాటింది.

ఆగస్టు ఆఖర్లో అడ్వైజర్ మళ్ళీ పిలిచి, ఇంత చక్కటి గ్రేడ్ తెచ్చుకున్నావు, మేజర్ మ్యాథ్‌కి మార్చుకుంటావా అని అడిగింది. ప్రిస్సిల్లా సరేనండి అని ఆవిడ చూపించిన చోట సంతకం పెట్టింది. సీట్లు మిగిలితే వయసుమళ్ళినవాళ్ళు ఫీజు లేకుండా క్లాసులో కూర్చోవచ్చని తాతయ్య ఎక్కడో చదివి ఆవిడతోనే కనుక్కున్నారు. పొలిటికల్ సైన్స్ క్లాసులో మిగిలిందట, ఒక్క సీటు.

సెప్టెంబరు మొదటి మంగళవారం ప్రిస్సిల్లాయే ఆయన్ని కారులో తీసుకెళ్ళింది. గది నంబరు ఆయన చదవలేరు కాబట్టి చెయ్యిపట్టుకుని మూడో అంతస్తుదాకా తీసుకెళ్ళింది. ఎనిమిదో క్లాసునుంచి ప్రిస్సిల్లా కలలుగన్న గది అలాంటిదే. కిటికీలు పెద్దవి, గోడనిండా అమెరికా పటం. తాతయ్యని మొదటి వరసలో కూర్చోబెట్టి, నోట్‌బుక్, కళ్ళజోడు బల్లమీద సర్ది, వాటర్ బాటిల్ పక్కన పెట్టింది.

ప్రొఫెసర్ లోపలికొచ్చి ప్రిస్సిల్లాని చూసి, నువ్వు కూడా ఈ క్లాసేనా అని అడిగింది.

"కాదండి, మా తాతయ్య. నేను దింపడానికి వచ్చాను."

నవ్వుతూ చెప్పి, తన క్లాసుకి టైమవుతోందని వెళ్ళిపోయింది. దైవాశీర్వాదం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. క్లాసు మొదలైంది. మనవరాలికి చెప్పాలన్నట్టు ప్రతి మాటా రాసుకోవడం మొదలుపెట్టారు.