మిగులు కేబుల్

పొద్దున్నే లేచి తన వీధిలోని కేబుల్ గుంత మూత ఎత్తి చూడటం ఆమెకు అలవాటు. నీళ్ళు తోడి, అతుకుల పెట్టెని పొడిగుడ్డతో తుడిచి, పక్కనే ఉన్న మిగులు కేబుల్ చుట్టని తడిమి చూసుకుంటుంది. ఫోన్ మాటలు మోసే వెంట్రుకంత గాజుపోగుల్ని అతకడంలో చెయ్యి తిరిగిన మనిషి కాబట్టి అందరూ ఆమెని అతుకులమ్మ అంటారు.

ప్రతి గుంతలో కాస్త కేబుల్ మిగిల్చి చుట్టిపెట్టాల్సిందే. ఎవరు బెంగ పడితే కేబుల్ వాళ్ళవైపు జరుగుతుంది మరి. ఆసుపత్రి వీధికి మూడు చుట్టలు, హాస్టళ్ళ వీధికి నాలుగు కావాలి. పన్నుల ఆఫీసుకి ఒక్కటి కూడా దండగే. కేబుల్ కొనే గుమాస్తా ఈ లెక్కనే ఆర్డరు పెడతాడు.

ఏటి అవతలి ఊరికి లైను వేసినప్పుడు మాత్రం ఆమె మొండికేసింది. ఆ ఊళ్ళోనే ఆమె అక్క ఉంది. అమ్మ పోయాక తల దువ్విన దగ్గర్నుంచి పని నేర్పించిన దాకా అన్నీ అక్కే. ఆ అక్క నలభై దాటాక ఒక మనిషిని ఇష్టపడి పెళ్ళి చేసుకుంటానంటే, నన్ను ఒంటరిని చేసి పోతావా అని దెబ్బలాడి, పెళ్ళికి కూడా వెళ్ళలేదు. అప్పట్నుంచి మాటల్లేవు. గుంతలు తవ్వే బాబాయి తన వీధి గుంతలో మూడు చుట్టలు ఉంచమన్నా వినకుండా ఒక్కటే ఉంచింది. ఎవరికి ఎవరి మీద బెంగ అంది.

ఇప్పుడు ఆ ఒక్క చుట్టా అయిపోయింది. కేబుల్ బట్టలారేసే తాడులా బిగిసి, అతుకు దగ్గర పటపటమంటోంది. తెగితే ఏటికి ఇటూ అటూ మాటలు ఆగిపోతాయి. తన బెంగే ఇంత పని చేసిందని ఆమెకి తల కొట్టేసినట్టయింది. అక్క తనని ఎప్పుడో మర్చిపోయి ఉంటుందనుకుంది.

బాబాయి గుంతలోకి వంగి, కేబుల్ మీది బురద బొటనవేలితో తుడిచాడు. దాని తొడుగు మీద మీటరు మీటరుకీ అంకెలు అచ్చేసి ఉంటాయి.

"నీ బెంగ అయితే అంకెలు ఇటు రావాలమ్మాయ్. ఇవి ఏరు దాటి అటు పోయాయి."

"ఆ ఊళ్ళో ఇంకెవరైనా కావచ్చు కదా బాబాయ్?"

"మిగతా గుంతల్లో చుట్టలు కదల్లేదు. నీ గుమ్మం ముందుదే పోయింది."

ఆమె గుంత ఒడ్డునే కూర్చుండిపోయింది. కాసేపటికి సూపర్‌వైజర్ వచ్చి, కోసి కొత్త ముక్క అతికించు, ఇంకో రెండేళ్ళు చూసుకోనక్కర్లేదన్నాడు. ఆమె కత్తెర చేతిలోకి తీసుకుంది. ముక్క వేస్తే అక్క ఇంకో రెండేళ్ళు ఇలాగే లాగుతూ ఉంటుంది. అంత ఓపిక అక్కకి ఉన్నా తనకి లేదు. కత్తెర పెట్టెలో పడేసి, సాయంత్రం దాకా ఆగితే ముక్కతో పని ఉండదని చెప్పి, బస్సెక్కింది.

అక్క ఇంటి తలుపు తీసే ఉంది. గదినిండా కేబులే. కుర్చీల కింద, మంచం మీద, కిటికీ ఊచలకి చుట్టుకుని ఉంది. బావ దాన్ని దాటుకుంటూ ఎదురొచ్చి, దీనికి తట్టుకుని పడని రోజు లేదమ్మా అని మోకాలు చూపించాడు.

అక్క ఒళ్ళో కేబుల్ పెట్టుకుని కూర్చుని ఉంది. జుట్టు బాగా నెరిసింది. చెల్లెల్ని చూసి లేవలేదు, కళ్ళు మాత్రం నిండిపోయాయి.

"ఒక్క చుట్టే పెట్టావేంటే? అంతే అనుకున్నావా నన్ను?"

చెల్లెలు కేబుళ్ళ మధ్యే చోటు చేసుకుని, అక్క మోకాలికి ఆనుకుని కూర్చుంది. చిన్నప్పటిలాగే అక్క చెయ్యి ఆమె తల మీదికి వచ్చి, చిక్కులు తీయడం మొదలుపెట్టింది.

అప్పుడే మంచం మీది కేబుల్ కదిలింది. ఊచల్ని విడిచి, గుమ్మం దాటి, మెల్లగా ఏటివైపు వెనక్కి పోసాగింది. బావ ఊపిరి పీల్చుకుని కుర్చీలు సర్దాడు. అక్క ఒళ్ళోది కూడా జారిపోతుంటే పోనిచ్చింది. చెల్లెలి జడ మాత్రం వదల్లేదు.